కమిలిన మచ్చ, రెండు గంటల గడువు

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత ఈ దేశానికి వచ్చిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులలో తొలి తరం వారు నేడు ఎనభయ్యో పడిలో ఉన్నారు. వారి తరువాత వచ్చిన మావంటి వారు తల్లిదండ్రులను గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నారు. ఆ తల్లిదండ్రులూ పెద్దవారైపోయారు. మన సంఘాల వార్షికోత్సవాలలో సంబంధాల గురించి, చదువుల గురించి, పన్నుల గురించి చర్చావేదికలు జరుగుతాయి గాని, నర్సింగ్ హోమ్ అన్న మాటను ఎవరూ పైకి అనరు. అమ్మనో నాన్ననో అక్కడ చేర్చిన వారు ఆ సంగతిని ఇంటి గుట్టుగా దాచుకుంటారు. గుట్టుగా ఉన్న చోట ప్రమాదం జరిగినా అదీ గుట్టుగానే ఉండిపోతుంది. అటువంటి ప్రమాదాలను ఎలా గుర్తించాలి, ఎవరికి, ఎంతలోగా చెప్పాలి అన్నదే ఈ వ్యాస విషయం.

నేను వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుణ్ణి. పది లక్షల భాగాలలో ఒక భాగం మలినమున్నా పట్టి చూపే పరికరాల మధ్య నా పగళ్ళు గడుస్తాయి. అయినా మా అమ్మ చేతి మీది మచ్చను నాలుగు రోజులు పట్టించుకోలేదు. పక్షవాతం వచ్చిన తరువాత ఆమెను ఒక నర్సింగ్ హోములో చేర్చవలసి వచ్చింది. ఒక బుధవారం సాయంత్రం వెళ్ళినప్పుడు ఎడమ భుజానికీ మోచేతికీ నడుమ, లోపలి వైపున, కమిలిన గుర్తులు కనిపించాయి. వ్రేలి కొన పాటి మచ్చలు మూడు, వరుసగా. ఏమిటమ్మా ఇది అని అడిగితే, "మంచం ఊచ తగిలిందిరా, ఏమీ లేదు, నువ్వు అన్నం తిన్నావా?" అన్నది. రక్తాన్ని పలుచబరచే మందు వాడుతున్నారు కదా, ఇటువంటివి మామూలే అన్నది నర్సు. మచ్చల అంచున పసుపు, ఆకుపచ్చ రంగులు చూసి, ఇది పాతది, మానిపోతున్నది అనుకొని ఇంటికి వచ్చేశాను. రసాయన శాస్త్రం చదివిన వాణ్ణి కనుక ఆ పొరపాటును మరింత ధీమాగా చేశాను.

ఆ పొరపాటు ఏమిటో చెప్పాలంటే కమిలిన చర్మం క్రింద జరిగే రసాయన క్రియను కొంచెం వివరించవలసి ఉన్నది. దెబ్బకు సన్నని రక్తనాళాలు చిట్లి, ఎర్రకణాలు కండలోకి, చర్మపు పొరలలోకి కారుతాయి. ప్రాణవాయువును కోల్పోయిన హిమోగ్లోబిన్ నీలి ఊదా రంగుగా కనిపిస్తుంది. ఇంతలో మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు వచ్చి, ఆ శిథిలాలను మ్రింగుతాయి. వాటిలోని హీమ్ ఆక్సిజినేజ్ అనే ఎంజైము, హీమ్ అణువు వలయాన్ని త్రెంచుతుంది. అప్పుడు మూడు పదార్థాలు వెలువడతాయి: ఆకుపచ్చని బిలివెర్డిన్, ఇనుము, కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్. కారు పొగగొట్టంలో మనం భయపడే ఆ వాయువును మన శరీరమే నిత్యం కొంచెం కొంచెంగా తయారుచేసుకుంటున్నదన్న సంగతి విద్యార్థి దశలో నన్ను ఎంతో ఆశ్చర్యపరచింది. తరువాత మరొక ఎంజైము బిలివెర్డిన్‌ను పసుపుపచ్చని బిలిరుబిన్‌గా క్షయీకరిస్తుంది. మిగిలిన ఇనుము హీమోసిడెరిన్‌గా పేరుకొని గోధుమ వర్ణపు మరకను మిగులుస్తుంది. నీలం, ఆకుపచ్చ, పసుపు, గోధుమ: ఈ క్రమం పాఠ్యగ్రంథాలలో చక్కగా ఉంటుంది. దాన్ని చూసి, రంగును బట్టి దెబ్బ వయస్సు చెప్పవచ్చునని వైద్యులు, పోలీసులు, న్యాయస్థానాలు కూడా చాలాకాలం నమ్మాయి.

ఆ నమ్మకం సరికాదు. కాలిఫోర్నియాలో లారా మోస్కెడా అనే వృద్ధవైద్య నిపుణురాలి బృందం 2005లో ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. 101 మంది వృద్ధుల శరీరాలను ప్రతిదినం పరీక్షించి, ప్రమాదవశాత్తు ఏర్పడిన ప్రతి మచ్చనూ పుట్టిన రోజు నుండి మాయమయ్యే వరకు గమనించారు. మొదటి 24 గంటలలోనే పసుపుగా కనిపించిన మచ్చలు ఉన్నవి. రంగు, దెబ్బ లోతును బట్టి, చర్మం మందాన్ని బట్టి, కారిన రక్తపు పరిమాణాన్ని బట్టి మారుతుంది. కనుక రంగు గడియారం కాదు. వారు కనుగొన్న రెండవ విషయం మనకు మరింత ఉపయోగకరమైనది. ప్రమాదవశాత్తు ఏర్పడే మచ్చలలో దాదాపు 90 శాతం కాళ్ళు చేతుల మీదే ఉన్నవి. మెడ మీద, చెవుల మీద, పిరుదుల మీద, అరికాళ్ళ మీద, మర్మావయవాల వద్ద ఒక్కటి కూడా లేదు.

2009లో అదే పరిశోధకులు శారీరక హింసకు గురైనట్లు నిర్ధారణ అయిన వృద్ధులను పరీక్షించారు. వారిలో సగానికి పైగా మందికి కనీసం ఒక మచ్చ 5 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్నది. ముఖం మీద, వీపు మీద, చేతి బయటి వైపున మచ్చలు ఎక్కువ. ఆ పరిశోధనలో నన్ను నిలవేసిన అంశం మరొకటి. హింసకు గురైన వారిలో 90 శాతం మంది ఆ మచ్చ ఎలా వచ్చిందో చెప్పగలిగారు. జ్ఞాపకశక్తి తగ్గిన వారు కూడా వారిలో ఉన్నారు. ఇటువంటి వారిని వారికి తెలిసిన భాషలో, ఏకాంతంగా, ఓపికతో అడగాలి. నేను మా అమ్మను అడిగినప్పుడు గుమ్మంలో నర్సు నిలబడి ఉన్నది.

ఇక మన వారి చర్మం సంగతి. ఈ దేశపు వైద్యగ్రంథాలలో చాలా బొమ్మలు తెల్లని చర్మానివి. చర్మంలోని మెలనిన్ కాంతిని పీల్చుకుంటుంది గనుక నల్లని, చామనచాయ శరీరాల మీద ఎర్రదనం కనిపించదు. ఇది అందం గురించిన మాట కాదు, ప్రాణానికి సంబంధించిన మాట. పడక పుండు మొదటి దశలో చర్మం చిట్లదు. వ్రేలితో నొక్కి వదిలినా పోని ఎర్రదనమే దాని గుర్తు అని నర్సులకు నేర్పుతారు. ఆ ఎర్రదనం మన అమ్మమ్మల నడుము క్రింద కనబడనే కనబడదు. దానికి బదులు చేయి పెట్టి చూడాలి. చుట్టుపక్కల చర్మం కన్న అక్కడ వెచ్చగా గాని, చల్లగా గాని ఉన్నదా? గట్టిగా గాని, మెత్తబడి నీరుపట్టినట్టు గాని ఉన్నదా? తాకితే నొప్పి అంటున్నారా? త్రికాస్థి, మడమలు, తుంటి ఎముకలు, మోచేతులు ఈ నాలుగు చోట్లా చూస్తే చాలావరకు తెలుస్తుంది. పక్క మీద కదలకుండా పడుకున్న మనిషి బరువు ఎముక గుబ్బల దగ్గర కేంద్రీకృతమై, సూక్ష్మ రక్తనాళాలలోని ఒత్తిడిని మించిపోతుంది. రక్తం అందని కండ కొన్ని గంటలలోనే చనిపోవడం మొదలుపెడుతుంది. పైకి గచ్చకాయంత మచ్చగా కనిపించేది లోపల ఎముక దాకా గుహ అయి ఉండవచ్చు. ఎముకో కండరమో కనబడేంత పుండు ఒక్క రాత్రిలో ఏర్పడినదని ఎవరైనా చెబితే, అంతకు ముందు చాలా రోజులు ఎవరూ చూడలేదని అర్థం చేసుకోవాలి.

ప్రసంగవశాత్తు మరొక మాట. వ్రేలికి తగిలించి రక్తంలోని ప్రాణవాయువును కొలిచే పల్స్ ఆక్సీమీటరు కూడా నల్లని చర్మం మీద కొన్నిసార్లు ఉన్నదానికన్న ఎక్కువ చూపుతుంది. మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 డిసెంబరులో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆ యంత్రం పట్టుకోలేకపోయిన ప్రాణవాయు లోపం తెల్లవారిలో కన్న నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అంకె బాగున్నది కదా అని ఆయాసపడుతున్న మనిషిని వదలివేయకూడదు.

తల దెబ్బల సంగతి అందరికీ కొంత తెలిసినదే. అయితే పడిన రోజున బాగానే ఉండి, వారం రెండు వారాలకు మత్తుగా, తికమకగా మారిన వృద్ధులను "వయస్సు మీదపడుతున్నది" అని వదలివేస్తారు. మెదడు పైపొర క్రింద రక్తం నెమ్మదిగా చేరుతూ ఉండవచ్చు. రక్తాన్ని పలుచబరచే మందు వాడేవారిలో ఇది మరింత సాధ్యం. అకస్మాత్తుగా మారిన మనిషి గురించి మొదటి ప్రశ్న "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అన్నది కావాలి.

రసాయన శాస్త్రజ్ఞుడిగా నేను ఎక్కువ బాధపడే విషయం వేరొకటి ఉన్నది. అమెరికా కాంగ్రెసు 1987లో చేసిన నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం, నివాసులను సౌకర్యం కొరకో శిక్షగానో తాళ్ళతో గాని మందులతో గాని బంధించరాదని శాసించింది. తాళ్ళు చాలావరకు పోయాయి. మందులు అంత త్వరగా పోలేదు. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులకు మానసిక వ్యాధుల మందులు ఇస్తే మరణావకాశం 1.6 నుండి 1.7 రెట్లు పెరుగుతున్నదని ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2005లో నల్లపెట్టె హెచ్చరిక జారీచేసింది. 2008లో పాత తరం మందులకు కూడా దాన్ని విస్తరించింది. అయినా 2011 చివరలో సుదీర్ఘకాలం నర్సింగ్ హోములలో ఉంటున్న వారిలో దాదాపు 24 శాతం మందికి ఆ మందులు ఇస్తూనే ఉన్నారు. తరువాత ఆ అంకె తగ్గినది. తగ్గుదలలో కొంత భాగం, లేని స్కిజోఫ్రీనియాను రికార్డులో వ్రాయడం వల్ల వచ్చినదన్న అనుమానంతో 2023లో ప్రభుత్వం తనిఖీలు మొదలుపెట్టింది.

మన పెద్దలకు ఇందులో ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది. మతిమరుపు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన ఇంగ్లీషు ముందు జారిపోతుంది. తెలుగు మిగులుతుంది. అర్ధరాత్రి ఒక పెద్దావిడ "దాహం, దాహం" అని కేక వేస్తే, రికార్డులో అది "ఉద్రేకం, తెలియని భాషలో అరుపులు" అవుతుంది. దానికి మందు నీళ్ళు కాదు, మాత్ర అవుతుంది. మీ వారు పగలంతా నిద్రపోతుంటే, చొంగ కారుతుంటే, నడక బిగుసుకుపోతే, కొత్తగా ఏ మందు మొదలుపెట్టారో అడగండి. నివాసి గాని, చట్టబద్ధమైన ప్రతినిధి గాని కోరితే సెలవు దినాలు మినహాయించి 24 గంటలలో రికార్డు చూపించాలన్నది ఫెడరల్ నిబంధన. ఏ చికిత్స చేస్తున్నారో నివాసికి అర్థమయ్యే భాషలో చెప్పాలన్నది కూడా నిబంధనే.

కొన్ని ప్రమాదాలకు ఒంటి మీద మచ్చలు ఉండవు. అవి గోడల మీద, గదిలోని గాలిలో ఉంటాయి. 2017 సెప్టెంబరు 10న ఇర్మా తుఫాను ఫ్లోరిడాను తాకినప్పుడు హాలీవుడ్ హిల్స్ అనే నర్సింగ్ హోములో దీపాలు ఆరలేదు. చల్లదనాన్నిచ్చే యంత్రానికి వెళ్ళే ట్రాన్స్‌ఫార్మరు మాత్రం చెడిపోయింది. సిబ్బంది విద్యుత్ సంస్థకు ఫోన్లు చేశారు, గవర్నరు ఫోనుకు కూడా చేశారు. మూడు రోజులు గడిచాయి. ఎదురుగానే చల్లగా ఉన్న పెద్ద ఆసుపత్రి ఉన్నది. 13వ తేదీ తెల్లవారుజామున ఒకరి తరువాత ఒకరుగా రోగులు ఆసుపత్రికి రావడం చూసి, ఆ ఆసుపత్రి సిబ్బందే నడిచి వచ్చి భవనాన్ని ఖాళీ చేయించారు. మరణించిన ఒక రోగి శరీరోష్ణత 109.9 డిగ్రీల ఫారన్‌హీట్. వైద్యాధికారి 12 మరణాలను నరహత్యలుగా నమోదు చేశారు. (క్రిమినల్ కేసులో సంస్థ నిర్వాహకుణ్ణి 2023లో న్యాయమూర్తి నిర్దోషిగా విడిచిపెట్టారు. శాస్త్రం చెప్పే కారణం, చట్టం మోపే నేరం ఎప్పుడూ ఒకటి కావు.) వృద్ధులలో చెమట తక్కువ, దాహపు గ్రహింపు తక్కువ. వారు వాడే మందులలో అనేకం నీటిని బయటికి పంపేవి, లేదా చెమటను అణచేవి. 104 డిగ్రీలు దాటిన తరువాత మెదడు, కాలేయం కణాలలోని ప్రోటీన్లు తమ ఆకృతిని కోల్పోసాగుతాయి. ఆ దారిలో కొంత దూరం పోయాక వెనక్కు తిరగడం ఉండదు. ఇప్పుడు ఫ్లోరిడాలో ఇటువంటి సంస్థలు విద్యుత్తు పోయినా 81 డిగ్రీలకు మించకుండా 96 గంటలపాటు ఉంచగల జనరేటరు, ఇంధనం ఉంచుకోవాలి. మీ రాష్ట్రంలో నియమమేమిటో, మీ వారు ఉన్న చోట జనరేటరు దీపాలకేనా, ఏసీకి కూడానా అన్నది అడిగి తెలుసుకొనవలెనని మనవి.

తెలుగు కుటుంబాలు విరివిగా స్థిరపడిన డాలస్, ప్లేనో ప్రాంతంలో జరిగిన మరొక ఉదంతాన్ని తప్పక చెప్పాలి. 2016 నుండి 2018 వరకు అక్కడి వృద్ధుల నివాస సముదాయాలలో పలువురు స్త్రీలు తమ గదులలో మరణించి కనిపించారు. వయస్సు 80, 90. ఎవరికీ ఆశ్చర్యం కలుగలేదు. సహజమరణం అని వ్రాశారు, శవపరీక్షలు లేవు. వేలి ఉంగరం లేదు, గొలుసు లేదు, నగల పెట్టె లేదు అని కొన్ని కుటుంబాలు చెప్పాయి. వాటిని దొంగతనాలుగానే చూశారు గాని మరణంతో ముడిపెట్టలేదు. 2018 మార్చిలో ప్లేనోలో 91 సంవత్సరాల వృద్ధురాలు ఒకామె దాడి నుండి బ్రతికి బయటపడి, తలగడతో తన ముఖాన్ని అదిమిన మనిషిని గురించి చెప్పింది. బిల్లీ షెమిర్మిర్ అనే వ్యక్తి పట్టుబడ్డాడు. అతడు లోగడ వృద్ధులకు ఇంటి సేవకుడిగా పనిచేసినవాడు. 22 హత్యల అభియోగాలు నమోదయ్యాయి. 2022లో రెండు కేసులలో యావజ్జీవ శిక్ష పడింది. మరుసటి సంవత్సరం అతడు జైలులో తోటి ఖైదీ చేతిలో మరణించాడు. బంగారం లేని తెలుగు అమ్మ ఉండదు. ఒంటి మీది గాజు గాని, మంగళసూత్రపు గొలుసు గాని కనిపించకపోతే అది వస్తువు పోవడం మాత్రమే కాదు, ఒక ప్రమాద సూచన. దాన్ని కూడా మచ్చలాగే తేదీ వేసి వ్రాసుకోవాలి.

ఆ డాలస్ సముదాయాలు నర్సింగ్ హోములు కావు. స్వతంత్ర నివాసాలు. ఇక్కడ మన వారు తరచు పొరబడుతుంటారు. మెడికేర్, మెడికెయిడ్ సొమ్ము తీసుకునే నర్సింగ్ హోములకు ఫెడరల్ నిబంధనలు ఉన్నవి. అసిస్టెడ్ లివింగ్ గృహాలను ఆయా రాష్ట్రాలే తమ తమ చట్టాలతో నియంత్రిస్తాయి, ఒక రాష్ట్రానికీ మరొక దానికీ పోలిక ఉండదు. స్వతంత్ర నివాసమైతే, చట్టం దృష్టిలో చాలావరకు అది అద్దె ఇల్లు. ముగ్గురికీ ఒకేరకమైన పూలకుండీలు, ఒకేరకమైన రంగుల కరపత్రాలు ఉంటాయి. చేర్చే ముందు ఇది ఏ కోవకు చెందినదో, లైసెన్సు ఎవరు ఇచ్చారో కాగితం మీద చూడాలి.

నర్సింగ్ హోములకు వర్తించే గడువులను పాఠకులు గుర్తుంచుకోవడం మంచిది. హింస జరిగినదన్న ఆరోపణ వచ్చినా, తీవ్రమైన శరీర గాయం కలిగినా, సంస్థ వెంటనే, ఎట్టి పరిస్థితులలోను 2 గంటలలోగా, రాష్ట్ర తనిఖీ సంస్థకు తెలియజేయాలి. హింస, తీవ్రగాయం లేని నిర్లక్ష్యం, సొమ్ము దుర్వినియోగం వంటి ఆరోపణలకు 24 గంటలు. విచారణ ఫలితం 5 పని దినాలలో ఇవ్వాలి. 2010 నాటి వృద్ధుల న్యాయ చట్టం ప్రకారం, నేరం జరిగినదన్న సహేతుకమైన అనుమానం కలిగితే అక్కడి ఉద్యోగి ప్రతి ఒక్కరు స్వయంగా పోలీసులకు కూడా చెప్పాలి. రుజువు అక్కరలేదు, అనుమానం చాలు. ప్రతీకారంగా ఉద్యోగం తీసివేయడం నిషిద్ధం.

ఈ నిబంధనలలో "మూలం తెలియని గాయం" అన్న ఒక మాట ఉన్నది. గాయం ఎలా అయినదో ఎవరూ చూడకపోతే, నివాసి వివరించలేకపోతే, అది ఉన్న చోటు గాని పరిమాణం గాని అనుమానాస్పదమైతే, ఈ గడువులు దానికీ వర్తిస్తాయి. ఇక మా అమ్మ చెప్పిన మాటను గుర్తుచేసుకోండి. మంచం ఊచ తగిలింది, ఏమీ లేదు. ఆ వాక్యాన్ని నేనే ఇంగ్లీషులోకి మార్చి నర్సుకు వినిపించాను. దానితో ఆ గాయానికి మూలం "తెలిసింది". గడియారం మొదలుకాకుండానే ఆగిపోయింది.

కాగితం మీది గడువు వేరు, ఆచరణ వేరు. ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2014 నివేదికలో, ఆసుపత్రి నుండి కోలుకోవడానికి నర్సింగ్ సంస్థలకు వచ్చిన మెడికేర్ రోగులలో మూడవ వంతు మందికి అక్కడ ఏదో ఒక హాని జరిగినదని, అందులో 59 శాతం నివారించదగినదని తేల్చింది. అదే కార్యాలయం 2019లో మరొక లెక్క ఇచ్చింది. 2016లో నర్సింగ్ సంస్థల నుండి అత్యవసర విభాగాలకు వచ్చిన అనుమానాస్పద గాయాల కేసులలో ఐదింట ఒకటి హింస లేదా నిర్లక్ష్యం వల్ల అయి ఉండవచ్చు. వాటిలో దాదాపు 84 శాతాన్ని సంస్థలు రాష్ట్రాలకు తెలియజేయలేదు. 2025 నివేదికలో, తీవ్రగాయంతో ఆసుపత్రి పాలైన పడిపోవడాలలో 43 శాతాన్ని నర్సింగ్ హోములు తమ రికార్డులలో చూపలేదని బయటపడింది. అంటే ప్రభుత్వ వెబ్‌సైటులో నక్షత్రాలు లెక్కపెట్టి సంస్థను ఎంచుకున్నవారికి, ఆ నక్షత్రాల వెనుక చెప్పని సంగతులు ఉన్నవన్న మాట. ప్రయోగశాలలో ఎవరైనా 43 శాతం కొలతలను వదలి పట్టిక ఇస్తే మేము దాన్ని చెత్తబుట్టలో వేస్తాము.

అందుచేత కుటుంబం స్వయంగా చెప్పవలసి ఉంటుంది. ప్రాణానికి ముప్పు ఉంటే, దాడి జరిగి ఉంటే 911. మిగతా వాటికి రాష్ట్ర ఆరోగ్యశాఖలోని తనిఖీ సంస్థ, వయోజన రక్షణ శాఖ, ఓంబుడ్స్‌మన్. ఈ చివరి మాట స్వీడన్ భాషది, మన వాడుకలో "తరఫుదారు" అనవచ్చు. 1972లో కొన్ని రాష్ట్రాలలో ప్రయోగంగా మొదలై, 1978 చట్ట సవరణతో ప్రతి రాష్ట్రంలోను తప్పనిసరి అయిన పదవి ఇది. 1981 నుండి అసిస్టెడ్ లివింగ్ వంటి గృహాలు కూడా వారి పరిధిలోకి వచ్చాయి. సేవ ఉచితం. నివాసి అనుమతి లేనిదే పేరు బయటపెట్టరు. వారి ఫోను నంబరు ప్రతి నర్సింగ్ హోములో గోడ మీద అంటించి ఉండాలి. మొదటిసారి వెళ్ళినప్పుడే దాన్ని ఫోనులో వ్రాసుకోండి.

పేరు చెప్పని ఫోను కూడా వృథా కాదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు న్యూజెర్సీలోని ఆండోవర్‌లో ఒక నర్సింగ్ హోము గురించి ఎవరో అజ్ఞాతంగా పోలీసులకు చెప్పారు. వెళ్ళి చూస్తే నలుగురికి సరిపడే శవాల గదిలో 17 మృతదేహాలు ఉన్నవి. ఆ తరువాతనే రాష్ట్రం, కేంద్రం కదిలాయి. ఆ సంస్థ చివరకు 2022లో మూతపడింది. ఆ ఫోను చేసినవారెవరో నేటికీ మనకు తెలియనక్కరలేదు.

ఫోను చేసే ముందు చేయవలసిన పని, మేము ప్రయోగశాలలో చేసేదే. మచ్చ ప్రక్కన ఒక నాణెమో స్కేలో పెట్టి పగటి వెలుతురులో ఫోటో తీయండి. దేహం మీద చోటు, పరిమాణం, తేదీ, గంట, ఎవరు ఏమన్నారో వారి మాటలలోనే వ్రాయండి. మీ ఊహలను వేరే పేజీలో వ్రాసుకోండి. ఆ వారంలో ఎవరెవరు డ్యూటీలో ఉన్నారో అడగండి. తరువాత అధికారులు తనిఖీ చేసి లోపాలు కనుగొంటే, 2567 అనే నంబరు గల పత్రంలో వ్రాస్తారు, అది ఎవరైనా చూడవచ్చు. గదిలో కెమెరా పెట్టుకునే హక్కును టెక్సస్ 2001లోనే చట్టం చేసింది, తరువాత మరికొన్ని రాష్ట్రాలు చేశాయి. గదిలో మరొకరు ఉంటే వారి అంగీకారం కావాలి.

ఇవన్నీ తెలిసినా మనం ఫోను తీయడానికి ఎందుకు జంకుతామో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ జంకాను. మనం ఫిర్యాదు చేసి ఇంటికి వచ్చేస్తాము, అమ్మ అక్కడే ఉంటుంది. రాత్రి ఆమె పక్క మార్చేది ఆ మనుషులే. వారితో సఖ్యంగా ఉండటమే ఆమెకు రక్షణ అనిపిస్తుంది. స్వీటు పెట్టెలు తీసుకువెళతాము, పండుగలకు కానుకలిస్తాము. ఎక్కడో లోపల, ఆమెను ఇక్కడ చేర్చింది నేనే కదా అన్న దోషభావం నోరు నొక్కుతుంది. తల్లిదండ్రులు కూడా మన ఉద్యోగాలు, మన సెలవులు లెక్కపెట్టుకొని ఏమీ లేదంటారు.

ఆదివారం మధ్యాహ్నం నేను తలుపు మూసి, కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకొని, మా ఊరి సంగతులు కాసేపు మాట్లాడిన తరువాత మళ్ళీ అడిగాను. అమ్మ చాలాసేపు కిటికీ వైపు చూసి చెప్పింది. స్నానానికి లేపేటప్పుడు ఇద్దరు ఉండాలట, యంత్రంతో ఎత్తాలట. ఆ సాయంత్రం ఒక అమ్మాయే ఉన్నది. చేయి పట్టి లాగింది, అమ్మ జారింది, మళ్ళీ లాగింది. మంగళవారం సాయంత్రం అన్నమాట. అంటే నేను పసుపు అంచును చూసి పాతదన్న మచ్చకు అప్పటికి 24 గంటల వయస్సే. నేను ఓంబుడ్స్‌మన్‌కు ఫోను చేశాను. తెలుగు తెలిసిన దుబాసీని ఫోను ద్వారా ఏర్పాటు చేశారు. నేను గదిలో లేకుండా అమ్మతో మాట్లాడారు. తనిఖీ జరిగింది. సాయంత్రం షిఫ్టులో ఆ అంతస్తుకు ఉండవలసినంత మంది లేరని తేలింది. మనిషిని పెంచారు, ఎత్తే యంత్రం వాడకం మీద మళ్ళీ శిక్షణ ఇచ్చారు. అమ్మ మంచం తలాపున నీళ్ళు, నొప్పి, మరుగు, చలి, భయం అన్న ఐదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసి, ప్రక్కన అర్థాలతో అంటించాము. "భయం" వద్దులేరా అన్నది గాని ఉంచేశాను.

ఉత్తరం వచ్చిన రోజున ఆ ఫలితమంతా చదివి వినిపించాను. అంతా విని అమ్మ, "ఆ పిల్ల ఉద్యోగం పోలేదు కదా?" అని అడిగింది.

పోలేదని చెప్పాను. అది నిజమే.